జారిపడలేదు, తోశారు

ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, "స్కూటర్ మీంచి జారిపడ్డారన్నమాట," అన్నాడు.

"జారిపడలేదండీ, తోశారు," అంది గుండుసూది.

డాక్టరు సానుభూతిగా తలూపాడు. తలూపుతూనే చీటీ మీద 'స్కూటర్ జారి పడుట వలన కుడి మణికట్టు విరిగినది' అని రాసేశాడు. కట్టు వేసే ఆయన వేడినీళ్లలో బట్ట ముంచుతూ, "ఈ రోడ్లే అంతమ్మా, మొన్న మా తోడల్లుడూ ఇలాగే జారిపడ్డాడు," అన్నాడు.

"నేను జారిపడలేదు బాబూ!"

"అదేలెండి," అన్నాడాయన.

ఆ మధ్యాహ్నం మొదలుపెట్టి వారం రోజులపాటు ఆ ఒక్క ముక్క చెప్పీ చెప్పీ ఆమె నోరు నొప్పి పుట్టింది.

గుండుసూది అన్నది ఆమెకు పత్రిక ఆఫీసులో పెట్టిన పేరు. మనిషి సన్నగా, పొట్టిగా ఉంటుంది. ఎక్కడ గుచ్చాలో అక్కడే గుచ్చుతుంది. పన్నెండేళ్లుగా నీళ్లు, మురుగుకాలవలు, రోడ్లు, వీధిదీపాలు ఇవే ఆమె వార్తలు. ఎవరూ గొప్పగా చెప్పుకోని వార్తలు, కానీ పొద్దున్నే అందరూ ముందు చదివేవి. ఆ పన్నెండేళ్లలో ఆమెను తిట్టినవాళ్లున్నారు, ఆఫీసు మెట్ల మీద అడ్డం పడుకుని ధర్నా చేసినవాళ్లున్నారు. చెయ్యి చేసుకోవడం మాత్రం ఇదే మొదలు.

జరిగింది ఇదీ. ఊరి చివర ఇరుకు ఇళ్ల వీధి ఒకటుంది. ఆ వీధి మొగలో పది నెలల కిందట కొత్తగా ఒక వాటర్ ట్యాంకు కట్టారు. ఎనిమిది స్తంభాల మీద, నాలుగంతస్తుల ఎత్తున. దాని వాచ్‌మన్ ఆమెకు ఫోన్ చేసి, "స్తంభాలు పగిలాయమ్మా. వీళ్లు బాగుచెయ్యడంలేదు, పగులు మీద సిమెంటు రాసి రంగేస్తున్నారు. మొహం మీద మొటిమకి పౌడర్ కొట్టినట్టు," అన్నాడు. ఆమె వెళ్లింది. మేస్త్రీలు భోజనానికి పోయిన వేళ చూసి వాచ్‌మన్ ఆమెను లోపలికి తీసుకెళ్లి, రెండు స్తంభాల మీద రంగు గోకి చూపించాడు. ఎప్పుడు పగిలిందీ, ఎవరు పూయమన్నదీ పదకొండు నిమిషాలు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఆమె అదంతా ఫోన్‌లో వీడియో తీసి, వీడియో ఆపడం మరిచిపోయి, ఫోన్‌ను చొక్కా లోపలి జేబులో పడేసుకుని బయల్దేరింది.

మలుపు తిరగ్గానే వెనక నుంచి మోటార్ సైకిల్ వచ్చింది. మీద ఇద్దరున్నారు. వెనక కూర్చున్నవాడు కాలెత్తి స్కూటర్‌ను ఒక్క తాపు తన్నాడు. ఆమె రోడ్డు దాటి అవతల కాలవ గట్టు మీద పడింది. బరువంతా చేతి మీదే పడింది. ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినపడింది.

"ఫోన్ తియ్యరా," అన్నాడొకడు.

"ఒరేయ్, భయపెట్టమన్నారు గానీ విరగ్గొట్టమన్లేదు కదరా!" అన్నాడు రెండోవాడు.

అంతలో ఎదుటి సైకిళ్ల షాపులోంచి మనుషులు రావడం చూసి, చేతికందిన సంచీ పట్టుకుని ఇద్దరూ పారిపోయారు. సంచీలో ఉన్నవి ఒక నోట్‌బుక్కూ, తినకుండా మిగిలిన మధ్యాహ్నం డబ్బానూ. ఫోన్ మాత్రం ఆమె పొట్ట కిందే ఉండిపోయింది, ఈ మాటలన్నీ వింటూ.

ఇంకా కట్టు ఆరకముందే సంపాదకుడు ఫోన్ చేశాడు.

"ఎలా ఉన్నావు? పెద్దదెబ్బేం కాదుగా? సరే, చెయ్యి సంగతి మెల్లిగా చూద్దాం. ట్యాంకు వార్త సాయంత్రానికి వస్తుందా?"

"ఏ చేత్తో రాయమంటారు సార్?"

"ఎడమ చెయ్యి ఉందిగా," అన్నాడాయన. చెడ్డవాడు కాదు. పేజీలో ఖాళీ కనిపిస్తే ఆయనకు లోకంలో ఇంకేమీ కనిపించదు, అంతే.

మర్నాడు పొద్దున భర్త ఆమెను పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లాడు. ఆయనది కళ్లజోళ్ల దుకాణం. రోజంతా అద్దాలు అరగదీస్తూ కూర్చునే మెత్తని మనిషి. స్టేషన్‌లో రాతపని చూసే పోలీసాయన కాగితం తీసి, "మీరు పడింది రోడ్డుకి ఇటువైపా, అటువైపా?" అని మొదలుపెట్టాడు.

"ఇటువైపు తన్నితే అటువైపు పడ్డాను."

ఆయన కలం కింద పెట్టేశాడు. "చూశారా, అదే చిక్కు. తన్నింది మా పరిధి, పడింది పక్క స్టేషన్ పరిధి. దెబ్బ తగిలిందెక్కడ మరి? తన్నినప్పుడా, పడ్డప్పుడా?"

గుండుసూదికి ఒళ్లు మండిపోయింది. "విరిగిన చెయ్యి మాత్రం నా పరిధిలోనే ఉందండీ, ఇదిగో," అని కట్టు తీసుకెళ్లి ఆయన కాగితం మీద పెట్టింది.

గంటన్నర బల్ల మీద కూర్చోబెట్టాక ఇన్‌స్పెక్టర్ లోపలికి పిలిచాడు. ఆమె వీడియోలో చివరి నలభై సెకన్లు మాత్రం వినిపించింది. 'విరగ్గొట్టమన్లేదు కదరా' దగ్గరికి వచ్చేసరికి ఆయన ముందుకు వంగాడు.

"గట్టి సాక్ష్యమే మేడం. ఫోన్ ఇచ్చి వెళ్లండి."

"ఈ ముక్క వేరుచేసి ఇస్తాను సార్."

"వేరుచేసింది చెల్లదు. ఏదో కలిపారంటారు, తీసేశారంటారు. అసలుది కావాలి, ఫోన్‌తో సహా."

"దీని ముందు భాగంలో నాకు విషయం చెప్పినాయన మొహం ఉంది, గొంతుంది. అది ఇవ్వలేను."

"మా దగ్గరేగా ఉండేది! ఎక్కడికి పోతుంది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆయన బల్ల మీద ఒక క్యాలెండరు నిలబడి ఉంది. దాని మీద ఆ ట్యాంకు కట్టిన కాంట్రాక్టరు కంపెనీ పేరు బంగారు అక్షరాల్లో మెరుస్తోంది. గుండుసూది దాన్నీ, ఆయన్నీ మార్చి మార్చి చూసింది. ఆయన కూడా దాన్ని చూశాడు. కాస్త ఇబ్బంది పడి పక్కకు తిప్పిపెట్టాడు.

"అందరికీ పంచుతారు మేడం, అందులో ఏముంది. మీరు ఫోన్ ఇవ్వనంటే మటుకు కేసు లేదు. ఇక మీ ఇష్టం."

బయటికొచ్చాక భర్త నెమ్మదిగా, "ఇచ్చేస్తే పోయేదేమో," అన్నాడు.

"మీరు కూడానా!" అంది ఆమె.

ఆ రోజు పత్రికలో ఆరో పేజీ అడుగున ఒక చిన్న ముక్క వచ్చింది. 'స్కూటర్ జారి విలేకరికి గాయాలు.' వయసు కూడా అయిదేళ్లు ఎక్కువేశారు. గుండుసూదికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎడమచేత్తో తంటాలు పడి ఆఫీసుకు ఫోన్ కలిపింది.

"సార్, నేను జారిపడలేదు. తోశారు."

"తోశారని ఎవరన్నారు?" అన్నాడు సంపాదకుడు.

"నేనే అంటున్నాను సార్! పడిందాన్ని నేను!"

"అందుకే కదా చిక్కు. అందులో నువ్వొక పక్షానివి. రెండో పక్షం ఏమంటుందో తెలియకుండా తోశారని ఎలా వేస్తాం? పోలీసులు కేసు పెట్టారా? లేదు. డాక్టరు చీటీలో ఏముంది? జారి. పన్నెండేళ్లుగా కొత్తవాళ్లందరికీ నువ్వు నేర్పే పాఠమేగా ఇది!"

ఆమె ఫోన్ పెట్టేసింది. ఆయనన్నది నిజమే కావడం మరీ ఒళ్లు మండించింది.

ఆ తర్వాత సలహాల వాన మొదలైంది. ఇంటి ఓనరమ్మ మెట్లు దిగి వచ్చి, "ఆ ఫోనేదో వాళ్ల మొహాన కొట్టేసి హాయిగా ఉండమ్మా," అంది. అక్క ఫోన్ చేసి, "నీకే ఎందుకే ఈ ఊరి నీళ్ల గోల? పిల్లల పేజీ అడుగు, వంటల పేజీ అడుగు. గరిటె పట్టుకున్నవాళ్లని ఎవడూ తోయడు," అంది. పక్క వాటాలో లెక్కల మాస్టారు నాలుగు కారణాలు వేళ్ల మీద లెక్కపెట్టి మరీ చెప్పాడు. అందరి మాటా చివరికి ఒక్కటే. ఆ వాచ్‌మన్ నీకేమవుతాడు?

ఆ వాచ్‌మన్ ఏమీ కాడు. కానీ మూడు పూటలా ఫోన్ చేస్తున్నాడు, ప్రతిసారీ ఎవరిదో వేరే ఫోన్ నుంచి.

"అమ్మా, నా మొహం ఎవరికీ చూపించలేదుగా?"

"లేదు బాబాయ్. పొద్దున చెప్పానుగా."

"నా పేరో?"

"పేరూ చెప్పలేదు."

"ఊరికే అడిగానమ్మా. చెయ్యెలా ఉంది?" అనేవాడు. గంట తర్వాత మళ్లీ ఫోన్. జోరీగలాంటి ఆ ఫోన్లకు ఆమెకు చిర్రెత్తుకొచ్చేది. పెట్టేశాక మాత్రం గుండెలో ఏదో బరువు దిగేది, మనిషి ఇంకా క్షేమంగానే ఉన్నాడు గదా అని.

ఆమెకు అన్నిటికంటే తన మీద తనకే విసుగ్గా ఉంది. వీధిలో మోటార్ సైకిల్ చప్పుడైతే చాలు, భుజాలు చెవుల దాకా లేచిపోతున్నాయి. మందుల షాపుకు వెళ్లి వస్తూ అలాంటి చప్పుడుకే అవసరం లేని గాజుల దుకాణంలోకి దూరి, అక్కరలేని గాజులు పది నిమిషాలు బేరమాడి వచ్చింది. ఎడమచేతికి తొడిగించుకుని చూడమంది దుకాణందారు. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి, "సిగ్గులేదూ," అని తనను తానే కసురుకుంది.

నాలుగోరోజు సాయంత్రం భర్త దుకాణం నుంచి ఈల వేసుకుంటూ వచ్చాడు. పెళ్లయిన పధ్నాలుగేళ్లలో ఆయన ఈల వేయడం ఆమె వినలేదు.

"ఒకేసారి యాభై కళ్లజోళ్లకి ఆర్డరొచ్చింది! ఎవరో పెద్దమనిషి. తన దగ్గర పనిచేసేవాళ్లకి దుమ్ము పడకుండా అద్దాలు చేయించాలట. ఎంత మర్యాదగా మాట్లాడాడనుకున్నావు! నీ చెయ్యి సంగతి కూడా అడిగాడు."

"నా చెయ్యి సంగతి ఆయనకెలా తెలుసు?"

ఈలతో వచ్చిన ఉత్సాహం అక్కడితో ఆగిపోయింది.

"ఏం పనిచేస్తారండీ ఆ పనివాళ్లు?" అంది ఆమె.

భర్త నీళ్లు నమిలాడు. "కట్టడం పనులు... ట్యాంకులూ అవీ..."

"భేష్! వాళ్లకి కళ్లద్దాలు, నాకు గంతలు. ఎంత బాగా కుదిరింది!" అని ఆమె గట్టిగా నవ్వింది. నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. కుడిచేత్తో కళ్లు తుడుచుకోబోతే కట్టు వెళ్లి ముక్కుకు తగిలింది. ఆ నొప్పికి ఇంకా ఏడుపొచ్చింది. భర్త చెప్పులు మళ్లీ తొడుక్కుని బయటికి వెళ్లిపోయాడు. అరగంటకు తిరిగొచ్చి, "వద్దని చెప్పేసొచ్చాను. అంత పెద్ద ఆర్డరు మా దుకాణం తట్టుకోలేదన్నాను," అన్నాడు. కాస్త ఆగి, "భయపడుతూనే చెప్పాననుకో," అని కూడా అన్నాడు.

ఇదంతా గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని అత్తగారు చూస్తోంది. ఆవిడ ముప్పై ఒక్క ఏళ్లు కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరైన మనిషి. కోర్టంతా ఆవిడను టైపు మేడం అనేవారు. కోడలికి చెయ్యి విరిగిన రోజు నుంచీ ఆవిడ నోటివెంట వచ్చిన మాటలన్నీ పోయిన డబ్బా గురించే. "మూతకి బిగుతు ఎంత బాగుండేది! అంత మంచి డబ్బా పట్టుకుపోయారు వెధవలు," అని రోజూ అనేది. విని విని కోడలికి తల ప్రాణం తోకకొచ్చింది. అలాంటి ఆవిడ ఆ సాయంత్రం కొడుకు స్నానానికి వెళ్లగానే కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"ఆ వాచ్‌మన్ పేరు ఎవరికైనా చెప్పావుటే?"

"లేదత్తయ్యా. మీరు కూడా మొదలుపెట్టకండి. ఫోన్ నేనివ్వను."

"ఇవ్వొద్దనే చెబుతున్నాను."

గుండుసూది తలెత్తి చూసింది.

"నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. ఒక మిల్లు తగలబడ్డ కేసులో ఒకమ్మాయి సాక్ష్యం చెప్పింది. నీకంటే చిన్నది. తలుపులకి బయట తాళాలేశారని చెప్పింది. నేను టైపు కొట్టాను. పేరు, వయసు, చిరునామా. చిరునామా కొట్టడం పద్ధతి. కాపీ అవతలివాళ్లకి ఇవ్వడం కూడా పద్ధతే. మూడోరోజు ఆ అమ్మాయి ఇల్లు ఖాళీ. తర్వాతి వాయిదాకి రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఎక్కడికెళ్లిందో, ఏమైందో ఈనాటికీ ఎవరికీ తెలీదు." ఆవిడ తన వేళ్ల వంక చూసుకుంది. "తప్పెవరూ చెయ్యలేదు. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. నేను కొట్టింది ఇంటి నంబరు, అంతే. ముప్పై ఏళ్లకి పైగా ఆ నంబరు నాకు గుర్తుంది."

అత్తగారు లేచి మూలనున్న టైపు మిషను మీది గుడ్డ తీసి, "పద, నువ్వు చెప్పు, నేను కొడతాను. ఆ వార్తేదో రాసి పారేద్దాం," అంది.

రాసి పారెయ్యడం అంత తేలిక కాలేదు. గుండుసూది, "ఆ స్తంభాలు దారుణంగా పగిలిపోయి..." అని చెప్పగానే టైపు చప్పుడు ఆగింది.

"దారుణమంటే ఎన్ని అంగుళాలు?"

"అలా రాస్తారత్తయ్యా వార్తల్లో."

"కోర్టులో రాయరు. పొడవెంత, వెడల్పెంత చెప్పు."

"ప్రజలు భయంతో వణికిపోతున్నారు, అని కొట్టండి."

"వణకడం నువ్వు చూశావా? ఎవరు వణికారు? పేరు?"

గంటసేపటికి అయిదు వాక్యాలు తేలాయి. ఆ అయిదింట్లోనూ 'ఎవరు చెప్పారు' అన్న చోట ఖాళీలే. వాచ్‌మన్‌ను తీసేస్తే వార్తకు కాళ్లే లేవు. గుండుసూది కాగితం బల్ల మీద విసిరేసి, "నా వల్ల కాదు, వంటల పేజీకే పోతాను," అంది.

"నీ వంట పధ్నాలుగేళ్లుగా తింటున్నదాన్ని నేను. ఆ పేజీ చదివేవాళ్లేం పాపం చేశారు?" అంది అత్తగారు. "అయినా ఒకడి నోటితోనే చెప్పించాలనేముంది? ఆ ట్యాంకు కింద అంత వీధి ఉంది. వాళ్లకి కళ్లు లేవూ? ఒకడు చెబితే వాడొక్కడినే పట్టుకుంటారు. వీధంతా చెబితే ఎంతమందిని తోస్తారు?"

మర్నాడు ఉదయం పది గంటలకు అత్తగారు, కోడలు, ఒక మడతబల్ల, ఆవిడ పాత టైపు మిషనుతో సహా ఆ వీధిలో దిగారు. మిషను మోసుకొచ్చిన భర్త ఆ రోజుకు దుకాణం మూసేశాడు. ట్యాంకు నీడలో, నడివీధిలో బల్ల వేసి అత్తగారు కాగితం ఎక్కించి కూర్చుంది.

మొదటి గంట ఒక్కరూ రాలేదు. తలుపుల్లోంచి తొంగి చూశారు. "మాకెందుకొచ్చిన గొడవండీ," అన్నారు. "మీరు రాయండి, మేం చదువుతాం," అన్నాడొక పెద్దాయన. ఇంకొకావిడ టీ ఇచ్చి, "నేనిచ్చానని మటుకు రాయకండి," అని వెళ్లిపోయింది. గుండుసూదికి కడుపు మండిపోయింది. ఈ జనం కోసమా తను చెయ్యి విరగ్గొట్టుకున్నది! స్కూటర్ జారిపడ్డానని ఒప్పేసుకుని ఇంటికి పోయి పడుకుంటే సరిపోదూ, అనుకుంది.

అప్పుడు ట్యాంకును ఆనుకున్న చివరింటావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. లావుపాటి మనిషి, పెద్ద గొంతు. ఆవిడ వంటింటి గోడకూ స్తంభానికీ మధ్య ఒక మనిషి పట్టేంత సందు.

"రాయండి. ఎవడేం చేస్తాడో చూస్తాను. ఆ స్తంభం లోపల్నించి చిటచిటమని చప్పుడొస్తోంది. మా ఆయనకి చెబితే ఎలుకలంటాడు. సిమెంటు స్తంభంలో ఎలుకలుంటాయా?"

"ఎన్ని రోజుల్నించి?" అంది అత్తగారు, మిషను మీంచి కళ్లెత్తకుండా.

"చాలా రోజుల్నించి."

"చాలా అంటే?"

"మా చిన్నదానికి జ్వరమొచ్చిన రోజు మొదలు... ముప్పై... ముప్పై నాలుగు రోజులు."

టకటకమంది మిషను. ఆ చప్పుడుకు ఇంకో రెండు తలుపులు తెరుచుకున్నాయి. వీధి మధ్యలో బట్టలు కుట్టే ఆయన మెడలో టేపుతో సహా వచ్చి, "రంగు చీల్చుకుని మళ్లీ బయటపడ్డ పగులు నేను కొలిచాను. పొడవు నాలుగడుగుల రెండంగుళాలు. మొన్న నాలుగడుగులే ఉండేది. నా టేపు తేడా రాదు, కావాలంటే మీ జాకెట్టు కొలిచి చూపిస్తాను," అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వుతో వీధి తేలికపడింది. మధ్యాహ్నానికి బల్ల ముందు వరస కట్టారు. నిజం చెప్పడం కంటే ఎదుటివాళ్ల వాంగ్మూలంలో తప్పులు దిద్దడానికే సగంమంది వచ్చారు.

ఆ గోలలో వెనక నుంచి మోటార్ సైకిల్ చప్పుడైంది. గుండుసూది భుజాలు లేచిపోయాయి. బండి వచ్చి బల్ల దగ్గరే ఆగింది. దాని మీద ఇద్దరున్నారు.

"ఏం జరుగుతోందిక్కడ?" అన్నాడు ముందువాడు.

ఆ గొంతును గుండుసూది వెంటనే గుర్తుపట్టింది. ఫోన్ తియ్యరా అన్నవాడే.

అత్తగారు తలెత్తలేదు. "వరసలో నిలబడండి," అంది. తర్వాత కొత్త కాగితం ఎక్కించి, "పేరు?" అని అడిగింది.

"నా పేరెందుకు?"

"వాంగ్మూలం ఇవ్వడానికేగా వచ్చావు? పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు."

వాడు చుట్టూ చూశాడు. ముప్పై నలభైమంది వాడి వంకే చూస్తున్నారు. చివరింటావిడ నడుం మీద చేతులు పెట్టుకుని, "చెప్పు నాయనా, అడుగుతున్నారుగా," అంది. వెనక కూర్చున్నవాడు ముందువాడి వీపు మీద మెల్లిగా గుద్ది, "పద పద," అన్నాడు. బండి వచ్చిన దారినే పోయింది. గుండుసూది బల్ల అంచు పట్టుకుని నిలబడింది. చెమటకు చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

"వాళ్లేనా?" అంది అత్తగారు మెల్లిగా.

"వాళ్లే."

"డబ్బా ఏదని అడగాల్సింది," అంది ఆవిడ. ఆ తర్వాతి కాగితం మీద మాత్రం రెండు అక్షరాలు తప్పుపడ్డాయి.

మూడుగంటలకు పోలీసు జీపు వచ్చింది. దారికి అడ్డంగా జనాన్ని పోగేశారని ఎవరో ఫిర్యాదు చేశారట. "అనుమతి ఉందా?" అంటూ దిగిన ఇన్‌స్పెక్టర్ మిషను ముందున్న మనిషిని చూసి టక్కున ఆగాడు.

"టైపు మేడం! మీరా?"

"నువ్వా! ఉద్యోగం కొత్తలో సాక్ష్యం చెప్పేటప్పుడు ప్రతి వాక్యానికీ 'అనగా' అనేవాడివి. ఇప్పుడు మానేశావా?"

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి నవ్వాడు. ఎవరో కుర్చీ తెచ్చారు, కూర్చున్నాడు. మంచినీళ్లు తాగాడు. కాసేపు బట్టలు కుట్టే ఆయన వాంగ్మూలం చదివాడు. "అరగంటలో ముగించండి మేడం," అని జీపెక్కి వెళ్లిపోయాడు. గుండుసూది పళ్లు కొరుక్కుంది. పన్నెండేళ్లుగా ఆ స్టేషన్ చుట్టూ తిరుగుతోంది. ఆమెకు ఒక్కరోజు కూడా ఎవరూ కుర్చీ వెయ్యలేదు.

ముప్పై ఏడు వాంగ్మూలాలు, ముప్పై ఏడు సంతకాలు. సంపాదకుడు వాటిని రెండుసార్లు చదివాడు. కాంట్రాక్టరుకు ఫోన్ చేస్తే 'గిట్టనివాళ్ల కుట్ర' అన్నాడు. ఆ మాట కూడా కలిపి మొదటి పేజీలో వేశారు. అయిదోరోజుకు ఇంజినీర్లు వచ్చారు. స్తంభాల మీద సుత్తితో కొట్టి చూసి, ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, ఆ సాయంత్రానికే ట్యాంకు ఖాళీ చేయించారు. ఇంకో నెల ఆగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేమని వాళ్లలో పెద్దాయన ఆమెతో అన్నాడు. పేరు వెయ్యొద్దన్నాడు.

ఆమె ఫిర్యాదు సంగతి స్టేషన్ నుంచి వచ్చిన ఉత్తరంలో తెలిసింది. ఫిర్యాదుదారు సహకరించనందున మూసివేయడమైనది, అని. ప్రమాద కారణం అన్న గడిలో 'స్కూటర్ జారి' అనే ఉంది. వాచ్‌మన్‌ను ఖాళీ ట్యాంకుకు కాపలా ఎందుకని పంపించేశారు. ఆయన వేరే ఊళ్లో గోడౌన్ దగ్గర పనికి కుదిరి, అక్కడి నుంచి ఫోన్ చేశాడు. "ఇక్కడ బాగానే ఉందమ్మా. అన్నట్టు, నా మొహం ఎవరికీ..." "చూపించలేదు బాబాయ్!" అంది ఆమె. ఆయన అనుమానం ఈ జన్మకు తీరదని ఆమెకు అర్థమైంది.

కట్టు విప్పిన వారానికి సంపాదకుడు ఆమెను పిలిచాడు. "ఆ ట్యాంకు బాగుచేసే పని ఎవరికిచ్చారో తెలుసా? అదే కాంట్రాక్టరుకి. నిన్న బోర్డు కూడా పెట్టారట. చూసిరా."

గుండుసూది తిట్టడానికి మాటలు వెతికింది. ఏదీ సరిపోయేలా కనిపించలేదు. బండి తాళాలు తీసుకుంది.

వీధిలో నీళ్ల లారీ ముందు పెద్ద వరస ఉంది. ట్యాంకు ఖాళీ అయినప్పటి నుంచి రోజుకొక్క లారీయే వస్తోంది. ఆమెను చూడగానే చివరింటావిడ విరుచుకుపడింది.

"రావమ్మా రా! నీ వార్త పుణ్యమా అని గొంతు తడుపుకోడానికి నీళ్లు లేవు. ఇల్లు మీద పడలేదని సంతోషించమంటావా, బిందె నిండలేదని ఏడవమంటావా?"

"నేనేం చేశాను వదినా! పగిలిన ట్యాంకు నేను కట్టానా?"

"అంతా అలాగే అంటారు. ముప్పై ఏడుమందిమి సంతకాలు పెట్టాం, ఇప్పుడు ముప్పై ఏడుమందిమీ బిందెలు మోస్తున్నాం."

"ఆ బోర్డు చూశారా?" అంది గుండుసూది.

"చూశాం. వాడి పేరే. నిన్న పొద్దునే నలుగురు సుత్తులు పట్టుకుని దిగారు. వాళ్లు వేసిన సిమెంటు ఇవాళ పొద్దుటికే పొడి రాలుతోంది. చెయ్యి పెడితే ఊడొస్తోంది," అంటూ ఆవిడ ఒక బకెట్టు ఆమె చేతిలో పెట్టింది. "ఇది పట్టుకుని నా చోట్లో నిలబడు. పిల్ల స్కూల్ నుంచి వచ్చే వేళయింది, తాళం తీసి వస్తాను. నువ్వు కదిలావో, వెనకాల ఆవిడ దూరిపోతుంది."

గుండుసూది బకెట్టు ఎడమచేతికి మార్చుకుంది. కుడిచెయ్యి ఇంకా బరువు పట్టడంలేదు. ముందున్న బట్టలు కుట్టే ఆయన వెనక్కి తిరిగి, "ఆ పొడి నేను కాగితంలో కట్టి దాచాను. చూస్తారా?" అన్నాడు.

"ఎన్ని గంటలకి రాలింది, ఎవరెవరు చూశారు?" అంది ఆమె.

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. వరస ఒక అడుగు ముందుకు జరిగింది.